‘మార్క్‌డ్ ఉమన్’ (1937): వేశ్యల్ని క్లబ్ హోస్టెస్‌లుగా మార్చాక కథలో ప్రాణం మిగిలిందా?

పాతరీలు:
ఈ సినిమాకి మూలం 1936లో న్యూయార్క్‌లో మాఫియా ముఠా నాయకుడు లక్కీ లూసియానో మీద నడిచిన కేసు. అతన్ని జైలుకి పంపడంలో వ్యభిచార గృహాల్లో పనిచేసిన ఆడవాళ్ల సాక్ష్యాలే కీలకం. వార్నర్ బ్రదర్స్ వాళ్లు సెన్సారుకి జడిసి వాళ్లని నైట్‌క్లబ్ హోస్టెస్‌లని చేశారు. దాంతో అసలు ప్రశ్న గాలికి పోయింది: ముఠాని వదిలి వీళ్లెందుకు పోరు? కేసులో దీనికి జవాబుంది. ఒక్కొక్కరి దగ్గర వారానికి 10 డాలర్ల ‘బాండు’ వసూలు చేసేవాళ్లు. పోలీసులు పట్టుకుంటే బెయిలూ లాయరూ ముఠాయే చూసుకునేది. ఈ లెక్క తీసేస్తే మిగిలేది మెలోడ్రామానే.

నలుపుతెలుపు:
సెన్సారు మాట నిజమే. 1934 జూలై నుంచి హాలీవుడ్ సెన్సారు చూసే జోసెఫ్ బ్రీన్ ఆఫీసు ఆమోదముద్ర లేకుండా పెద్ద స్టూడియోల బొమ్మ బయటికొచ్చేది కాదు. కానీ ఆ లెక్క సినిమాలో లేదంటే ఒప్పుకోనండి. ముఠా నాయకుడు జానీ వానింగ్ క్లబ్బు చేతిలోకి రాగానే వయసైపోయిందని హోస్టెస్ ఎస్టెల్‌ని తీసేయబోతాడు, తోటి హోస్టెస్ మేరీ (బెటీ డేవిస్) అడ్డుపడుతుంది. కస్టమర్లతో తాగించాలి, జూదం ఆడించాలి, అదీ వీళ్ల పని. చెల్లని చెక్కిచ్చిన కుర్రాడు శవమై తేలితే మేరీని పోలీసులు పట్టుకుంటారు. వానింగ్ లాయరు చెప్పినట్టే ఆమె కోర్టులో అబద్ధం చెబుతుంది, ప్రాసిక్యూటర్ కేసు కుప్పకూలుతుంది. మీరడిగే బాండు ఇదే కదా! లాయరు వాడివాడు, అందుకని ఈమె నోరూ వాడిదే.

కోర్టుబెంచి:
ఇద్దరూ యూనిస్ కార్టర్‌ని మరిచిపోయారు. ప్రాసిక్యూటర్ థామస్ డ్యూయీ బృందంలోని నల్లజాతి న్యాయవాది. వ్యభిచారం కేసులన్నిట్లో అవే బెయిలు పూచీలు, అదే లాయరు, ఒకే రకం కట్టుకథలు వస్తున్నాయని పసిగట్టింది ఆవిడే. సినిమాలో ఆవిడ ఊసే లేదు, ఘనతంతా హంఫ్రీ బోగార్ట్ వేసిన ప్రాసిక్యూటర్ పాత్రకే. ఇంకోటి. 1936 ఫిబ్రవరి 1 దాడుల్లో పట్టుకున్న ఆడవాళ్లని సాక్షులుగా నిర్బంధించి, మోయలేనంత బెయిలు పెట్టి మాట్లాడించారు. 1937లో కొందరు సాక్ష్యం వెనక్కి తీసుకుంటూ అఫిడవిట్లిచ్చారు, కోర్టు నమ్మలేదు. సినిమాలో ఈ ఒత్తిడి కనపడదు. నా లెక్కన సెన్సారు కన్నా పెద్ద మోసం ఇది.

నలుపుతెలుపు:
కార్టర్ విషయంలో మీ మాటే రైటు. అయినా ముగింపు చూడండి. వానింగ్‌కి పడేది 30 నుంచి 50 ఏళ్లు, లూసియానోకి పడిన శిక్షే. కోర్టు బయట జనం ప్రాసిక్యూటర్ చుట్టూ మూగుతారు. అయిదుగురు ఆడవాళ్లూ పొగమంచులో నడిచి వెళ్లిపోతారు. పెళ్లి లేదు, సన్మానం లేదు. వానింగ్ కొట్టించాక మేరీ చేరిన ఆసుపత్రి సీను కూడా గమనించండి. మేకప్ వాళ్లు వేసిన నాజూకు కట్టు నచ్చక బెటీ డేవిస్ తన డాక్టరు దగ్గరికెళ్లి, అలాంటి దెబ్బలకి నిజంగా ఎలా కడతారో అలా కట్టించుకొచ్చింది. సినిమాలో ఉన్నది ఆ కట్టే. మొహం అందంగా ఉంచమనే స్టూడియోలో అది చిన్న విషయం కాదు.

పాతరీలు:
కట్టు విషయంలో డేవిస్‌కి దండం పెట్టాల్సిందే. కానీ మేరీ ఎదురు తిరిగేది ఎప్పుడు? ఏ పాపం ఎరగని చదువుకునే చెల్లెలు బెట్టీని వానింగ్ కొడితే మెట్ల మీంచి పడి చచ్చిపోయాక. మేరీ సొంత బాధ చాలలేదన్నమాట. అసలు కేసులో బోనెక్కిన వాళ్లు తమకి జరిగిందే చెప్పారు. జ్యూరీ వాళ్లని నమ్మి లూసియానోని 62 అభియోగాల మీద దోషి అంది. ఆ చెల్లెలు లేకుండా ఈ కథ నిలబడేదా, లేదా? దీనికి జవాబు చెప్పండి.