ముంతాజ దగ్గర ఆగిపోయాం: గజిబిజి అక్షరాల్లో మాట పట్టడం ఎలా?

ప్రశ్న (గాజువాక నుంచి ఒక గృహిణి)

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్‌లో వేసవి సెలవుల్లో పోటీలు పెడతారు. అందులో గజిబిజి అక్షరాల ఆట ఒకటి. అట్టముక్కల మీద అక్షరాలు కలిపేసి ఇస్తారు, నిమిషంలో మాట చెప్పాలి. మొదటి రౌండు మన విశాఖలోని పేటల పేర్లు. "ధా, మ్మ, ర, సీ, త" అని చూపించగానే మా చిన్నవాడు సీతమ్మధార అని అరిచేశాడు. రెండో రౌండులోనే దెబ్బ తిన్నాం. "లు, టి, ముం, తా, జ" ఇచ్చారు. మా ఆయన కంటికి ముంతాజ కనబడింది. ఇక అంతే, ఆ లు, టి రెంటినీ ముంతాజకి ఎటువైపు తగిలించాలా అని చూస్తుండగానే గంట కొట్టేశారు. తర్వాతది "ణం, వా, ర, తా, వ". అదీ రాలేదు.

ఇంటికొచ్చి ఫోన్‌లో ఒక సైటులో ఈ అక్షరాలు వేస్తే చుక్కల సున్నాలతో ఏవేవో వచ్చాయి. ఎలాగో ఫైనల్‌కైతే వచ్చాం, అది వచ్చే ఆదివారం. చేత్తో తేల్చే పద్ధతి ఏమైనా ఉందా? పెద్దబ్బాయి ఇంగ్లీషు స్క్రాబుల్ ఆడతాడు, వాడికీ రెండు ముక్కలు చెబితే సంతోషం.

జవాబు (రిటైరైన తెలుగు మాస్టారు, భీమిలి)

అమ్మా, ముందు జవాబులు చెప్పేస్తాను, లేకపోతే నిద్ర పట్టదు. తాటిముంజలు, వాతావరణం.

మాట కోసం వెతకడం కంటే ఏ అక్షరం ఎక్కడ కూర్చోలేదో చూసుకోవడం సులువు. ఐదక్షరాలను 120 రకాలుగా పేర్చవచ్చు. చివరి అక్షరం తేలిపోతే 24 మిగులుతాయి. మొదటిది కూడా తేలితే ఆరే. ఆరు వరుసలు ఎవరైనా నోటితో అనుకుని చూసుకోగలరు.

అ, ఉ, ఎ లాంటి అచ్చు విడిగా కనబడిందంటే అది దాదాపు ఎప్పుడూ మొదటి అక్షరమే. మ్మ, ల్లి, త్త లాంటి ద్విత్వాలు మొదట రావు. ణ, ళ మొదట రావు. "లు" ఉంటే బహువచనం కావచ్చు, చివర పెట్టి చూడండి. "డు" కూడా అంతే. ఇప్పుడు "త, లు, అ, క్షిం" ఇచ్చారనుకోండి. అ మొదట, లు చివర పెట్టేస్తే మిగిలేవి రెండే వరుసలు. అక్షింతలు అని మీరే అనేస్తారు.

సున్నా విషయంలో కాస్త జాగ్రత్త. లం, రం, ణం లాంటివి చివర రావడం ఎక్కువ. ముం, సిం, కొం లాంటివి చివర రావు. అయితే పాలెం, పళ్లెం అనే అల్లరి పిల్లలున్నాయి కాబట్టి "లెం" మాత్రం చివరికి వస్తుంది. మన కంచరపాలెం వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

మీ రెండో మాట చూడండి. ణ మొదట రాదు, పైగా సున్నా ఉంది, కాబట్టి ణం చివర. మిగిలినవాటిలో తా మీద అనుమానపడాలి. మాట మధ్యలో దీర్ఘం ఉంటే అక్కడ రెండు మాటలు అతుక్కుని ఉండవచ్చు. వాత, ఆవరణం కలిస్తే వాతావరణం. బడిలో చదువుకున్న సవర్ణదీర్ఘ సంధి ఇలా అక్కరకొస్తుంది.

మొదటి మాటలో అసలు తాళంచెవి "టి". దాంతో మొదలయ్యే మాటలు మనకు తక్కువ, టిఫిన్, టికెట్ లాంటివి బయటి నుంచి వచ్చినవి. ఇల్లు ఇంటి అవుతుంది, నోరు నోటి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది. విభక్తి చేరేముందు మాట చివర ఇలా వచ్చే ఇ, టి, తి ఔపవిభక్తికాలని వ్యాకరణంలో చెప్పేవాళ్లం. టి కనబడితే దాని ముందు ఒక అక్షరం, వెనుక ఇంకో మాట ఉందేమో చూడండి. ముంటి, జటి, తాటి... తాటి దొరికాక ముంజలు ఎక్కడికి పోతాయి?

జవాబు (కంచరపాలెం నుంచి ఒక అక్క)

మాస్టారూ, లెం సంగతి భలే పట్టారు! చెల్లెమ్మా, ముంతాజ లాంటిది కంటికి అడ్డం పడినప్పుడు ఎంత బుర్ర గోక్కున్నా లాభం లేదు. నేనైతే అక్షరాలను వరసలో కాకుండా గుండ్రంగా రాసుకుంటాను, మధ్యలో ఖాళీ వదిలి. ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియదు కాబట్టి కన్ను పాత వరసకు పోదు. మళ్లీ అదే కనబడితే అందులో ఒక అక్షరాన్ని చేత్తో మూసేసి మిగతావి చూస్తాను. ముం మూసి చూడండి, తాటి కనబడుతుంది.

జవాబు (మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

సైటు ఎందుకు తప్పిందో నేను చెప్తానండి. తాటిముంజలు మనకు ఐదక్షరాలు, కంప్యూటర్‌కు పది ముక్కలు. త వేరు, దాని దీర్ఘం వేరు, సున్నా కూడా వేరే ముక్క. ఇంగ్లీషు కోసం రాసిన ప్రోగ్రాం ఆ పదింటినీ కలిపేస్తుంది. కొమ్ము రెండుసార్లు వచ్చింది కాబట్టి 18,14,400 వరుసలు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం చెత్తే. హల్లు లేకుండా గుడి ఒక్కటే మిగిలితే ఫోన్ దాని పక్కన చుక్కల సున్నా గీస్తుంది. మీరు చూసింది అదే.

మీ అబ్బాయిలెవరికైనా ప్రోగ్రామింగ్ వస్తే, ముందు మాటను అక్షరాలుగా విడగొట్టమనండి. గుణింతం గుర్తు, సున్నా ముందున్న హల్లుతోనే ఉండాలి. పొల్లు తర్వాత ఇంకో హల్లు వస్తే రెంటినీ కలిపే ఉంచాలి. పాత లైబ్రరీలు, అంటే ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కలు, పట్నంలోని ట్నం ను ట్, నం అని రెండు చేస్తాయి. కంప్యూటర్లలో అన్ని లిపులకూ ప్రమాణమైన యూనికోడ్‌కు 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగు ఒత్తులను కలిపి ఉంచే నియమం చేర్చారు. ఆ తర్వాత వరుసలన్నీ పుట్టించక్కర్లేదు. మాటల జాబితాలో ప్రతి మాట అక్షరాలనూ ఒక క్రమంలో పేర్చి పెట్టుకుని, మన అక్షరాలనూ అదే క్రమంలో పేర్చి పోల్చితే చాలు. మాట ఉందో లేదో అనుమానం వస్తే ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటువులో చూసుకోవచ్చు.

స్క్రాబుల్‌కు క్లుప్తంగా: చేతిలో ఏడు బిళ్లలుంటాయి, అన్నీ వేరైతే 5,040 వరుసలు. ఐ, ఎన్, జీ మూడూ వస్తే విడిగా పక్కన పెట్టి మిగిలిన నాలుగింటితో ఆడమనండి. ఎస్‌లు వంద బిళ్లల్లో నాలుగే, రెండు మూడు పాయింట్ల కోసం పారేయకూడదు. ఏడూ ఒకేసారి వేస్తే అదనంగా 50 పాయింట్లు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్సండి. ఇంకో చిక్కు. పిల్లల రౌండుకు ప్రశ్నలు నన్నే రాయమన్నారు. "డ, ప, క" అని రాసి కడప అనుకున్నాను. మా చిన్నవాడు పడక అన్నాడు. ఏది ఒప్పుకోవాలి?

జవాబు (మాస్టారు)

రెండూ ఒప్పేనమ్మా. మూడక్షరాల దగ్గర ఈ గొడవ ఎక్కువ. పలక, కలప. గడప, పడగ. నవల, వలన. నాలుగు, ఐదు అక్షరాలవి ఇస్తే తగాదాలు తగ్గుతాయి. ఊరి పేరే కావాలంటే ఆ సంగతి ముందే చెప్పండి. దాంతోపాటు ఇంకొకటి చెప్పండి, తార అని ఇస్తే రాత అనకూడదు. దీర్ఘం త మీద ఉంది, ర మీదకు దూకదు. పిల్లలు ఇక్కడే పోట్లాడతారు.

మళ్లీ ప్రశ్న అడిగినవారు (సోమవారం)

ఫైనల్ అయిందండి. "ధ్ర, రాం, త్త, ఉ" ఇచ్చారు. ఉ మొదటిది, త్త మొదట రాదు అని నేను కాగితం మీద లెక్కలు వేస్తుండగానే మా ఆయన ఉత్తరాంధ్ర అనేశారు. మాకు రెండో బహుమతి. మొదటిది మూడో అంతస్తు మామ్మగారికి. ఆవిడ కళ్లజోడు కూడా పెట్టుకోలేదు, మనవరాలు అక్షరాలు చదువుతుంటే విని చెప్పేశారు.