సముద్రతీరంలో 12 బోర్ తుపాకీ: బీరువాలో తుప్పు రాకుండా తేమ ఎలా తగ్గించాలి?

ప్రశ్న (తీరం_12):
కాకినాడలో ఇల్లు. లైసెన్సున్న డబుల్ బ్యారెల్ 12 బోర్, వాల్‌నట్ కర్రతో చేసిన బట్ (భుజానికి ఆనించే వెనక భాగం). దాచేది ఇనుప బీరువాలో, లోపల ఇంచుమించు 300 లీటర్ల చోటు. ముసురు రోజుల్లో మీటరు 80 శాతం తేమ చూపిస్తోంది. నూనె రాసినా ట్రిగ్గర్ గార్డు మీద, బ్యారెళ్లు రెండూ కలిసే గాడి వెంట నారింజ రంగు పొడి లేస్తోంది. తేమ పీల్చే సిలికా జెల్ చిన్న పొట్లాలు నాలుగు వేస్తే రెండు రోజులకే రంగు మారిపోయాయి. ఎంత వేయాలి? లోపల బల్బు వెలిగించమంటున్నారు, పెట్టొచ్చా?

జవాబు 1 (తూకం_మాస్టారు):
ముందు మీటరు సంగతి తేల్చండి. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత వరకే నీళ్లు చిలకరించి, మీటరుతో కలిపి జిప్ కవర్‌లో 12 గంటలు మూసి ఉంచండి. 75 చూపాలి. 70 చూపితే మీ మీటరు 5 తక్కువ చెబుతోందని గుర్తు. బీరువాలో కావలసింది 45–50. 60 దాటితే తుప్పు ఊపందుకుంటుంది. మరీ 35కి దించితే బట్ ఎండి పగుళ్లిస్తుంది.

ఇక లెక్క. 30 డిగ్రీల వేడిలో 300 లీటర్ల గాలిని 80 నుంచి 50కి తేవాలంటే తీయాల్సిన నీరు 3 గ్రాములు కూడా ఉండదు. మీ పొట్లాలు ఓడిపోయింది ఆ గాలి చేతిలో కాదు, తలుపు సందుల్లోంచి ఆగకుండా వచ్చే కొత్త గాలి చేతిలో. తలుపు అంచు చుట్టూ అంటించే రబ్బరు పట్టీ వేసి, వెనక రేకులో రంధ్రాలుంటే టేపుతో మూయండి. ఆ తర్వాతే జెల్, 500 గ్రాములు, పలచటి నూలు సంచిలో.

రంగు కంటే తూకం నమ్మకం. వంటింటి త్రాసు మీద సంచి ఎండుగా ఉన్నప్పుడు ఎంతుందో రాసుకోండి. 100 గ్రాములు పెరిగిందంటే మార్చే సమయమైనట్టే. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర పళ్లెంలో పలచగా పరిచి రెండు మూడు గంటలు ఉంచితే పాత తూకానికి వస్తుంది. అంతకు మించి వేడి చేస్తే నారింజ గుళికల రంగు మాడిపోతుంది. నీలం రకం కొనకండి, అందులో ఒంటికి హాని చేసే కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది.

జవాబు 2 (వెచ్చని_అర):
బల్బు వద్దు. గుడ్డకో నూనె పేలికకో తగిలితే మంట. 230 వోల్టులకు చేసిన తేమ తగ్గించే రాడ్ దొరికితే అడుగున అడ్డంగా బిగించండి. అది నీటిని తీయదు, గాలిని వెచ్చబెడుతుంది. 30 డిగ్రీల దగ్గర 80 ఉన్న గాలి 36కి వెచ్చబడితే 57కి దిగుతుంది. దీనికి బీరువా బిర్రుగా మూసి ఉండనక్కర్లేదు. కానీ కరెంటు పోతే పని ఆగుతుంది. రాడ్ పక్కనే జెల్ పెట్టారో, అది తాగిన నీళ్లన్నీ తిరిగి లోపలే కక్కుతుంది. రెంటిలో ఒకటే ఎంచుకోండి. బీరువాను గోడకు నాలుగు అంగుళాలు జరిపి, చెక్క దిమ్మల మీద నిలబెట్టండి.

తీరం_12:
తోలు కవర్‌లో పెట్టి లోపల ఉంచితే అదనపు రక్షణ కాదా అన్నా? తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు కూడా చవగ్గా దొరుకుతున్నాయి.

జవాబు 3 (పాత_బ్యారెల్):
రెండూ వద్దు తమ్ముడూ. తోలు చెమ్మను పట్టి ఉంచుతుంది, దాన్ని పదును చేసిన లవణాలు ఇనుముకు అంటుకుంటాయి. స్పాంజి పెట్టె కూడా అంతే. కాల్షియం క్లోరైడ్ కరిగి ఉప్పునీళ్లవుతుంది, డబ్బా ఒరిగిందంటే తుపాకీ గతి చెప్పనక్కర్లేదు.

ఉన్న తుప్పుకు నాలుగు సున్నాల (0000, బాగా మెత్తని రకం) స్టీల్ ఊల్‌ను నూనెలో ముంచి వేలితో మెల్లగా తిప్పండి. గట్టిగా రుద్దితే బ్లూయింగ్ (ఇనుము మీది నల్లనీలి పూత) పోతుంది. కొబ్బరినూనె వాడకండి, జిగురై లాక్‌లోకి (ట్రిగ్గర్ వెనకుండే యంత్రంలోకి) దిగుతుంది. ముట్టుకున్న ప్రతిసారీ వేలిముద్రలు తుడిచి పలచగా గన్ ఆయిల్ పూయండి, చెమటలో ఉప్పుంటుంది. నూనె ఎక్కువైతే కిందికి జారి బట్ మెడలోని కర్రను మెత్తబరుస్తుంది. అందుకే మూతి కిందికి ఉండేలా నిలబెట్టడం మేలు.

24 డిగ్రీల ఏసీ గదిలోంచి నేరుగా ఉక్కలోకి తెస్తే బ్యారెల్ మీద మంచులా నీరు పడుతుంది. గుడ్డ చుట్టి తెచ్చి, వెచ్చబడ్డాక విప్పండి.

ఎన్నికలప్పుడు తుపాకీ డిపాజిట్ చేయమంటే లోపలా బయటా పలచగా గ్రీజు పూసి, తుప్పు నిరోధక వీసీఐ కాగితం చుట్టి ఇవ్వండి. తిరిగొచ్చాక కాల్చే ముందు బ్యారెల్ లోపలి గ్రీజు పూర్తిగా తుడవాలి, అడ్డు మిగిలితే బ్యారెల్ పగలొచ్చు. ఏ పని చేసినా ముందు రెండు చాంబర్లూ (తూటాలు కూర్చునే చోట్లు) ఖాళీగా ఉన్నాయో లేదో కంటితో చూడండి. తూటాలు వేరే తాళంలో.