సమస్య: మంట చల్లనాయె మంచు కాలె

నిర్వాహకురాలు: ఈ వారం సమస్య, అంటే పూరించడానికి ఇచ్చిన పాదం, ఆటవెలది ఛందస్సులో నాలుగోది; ముందు మూడు పాదాలు మీరు రాయాలి. పిల్లలతో కూర్చుని 1942 నాటి డిస్నీ బొమ్మల సినిమా బాంబి మళ్ళీ చూశాను, ఆ లేడికూన కథ మీదే పూరించండి.

మొదటి పూరణ:

అమ్మ నేలకొరిగె నడవి మంచున నాడు
కూన గుండెలోన కుమిలిపోయె
అగ్గి యార, చిగురు లడవి నిండెను మళ్ళి
మంట చల్లనాయె మంచు కాలె

నిర్వాహకురాలు: గణాలు, యతి సరిపోయాయి తమ్ముడూ. కుమలడం నిప్పు స్వభావం కాబట్టి ఆ మాటతోనే మంచు కాలింది, చాలా నచ్చింది. 'మళ్ళి' మాత్రం గణం కోసం కుదించినట్టుంది, 'నేడు' అన్నా అదే సల గణం (రెండు లఘువులు, గురువు, లఘువు) వస్తుంది, పైన ఉన్న 'నాడు'కి జోడీ కూడా. నాకు అసలు ఇబ్బంది 'నేలకొరిగె' దగ్గర. సినిమాలో తల్లి పడిపోవడం చూపించరు కదా! మంచు మధ్య మొలిచిన కొత్త గడ్డి మేస్తుంటారు, తల్లి తలెత్తి పరుగెత్తమంటుంది, తుపాకీ మోత వినిపిస్తుంది, కూన పొదల్లోకి చేరి వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు. వేటగాడు మొత్తం సినిమాలో ఒక్కసారి కూడా కనిపించడు.

రెండో పూరణ:

గాయపడిన కొడుకు కార్చిచ్చు నడుమను
తండ్రి పిలుపు వినగ దాటి వచ్చె
తల్లి లేక మంచు దారిలో నడువంగ
మంట చల్లనాయె మంచు కాలె

నిర్వాహకురాలు: కథలో మంచు ముందు, మంట తర్వాత. మీరు సమస్యలో ఉన్న మంట, మంచు వరుసనే పట్టుకుని, వరుస తప్పకుండా జత కలిపే క్రమాలంకారం నడిపారు అన్నయ్యా, బాగుంది. 'నడుమను'లో 'ను' పాదం నింపడానికే వచ్చింది. కానీ తల్లి ఇక రాదని మంచులో చెప్పిన ఆ తండ్రే, తూటా తగిలి పడిపోయిన కొడుకుని మంటల్లో లేవమనడం, ఆ రెండు చోట్లా ఆయన్ని గుర్తుచేశారు, నాకు కళ్ళు చెమర్చాయి.

ఒక సభ్యురాలు: తక్కువ చెప్పడం గురించి అక్క అన్నది ఆ సినిమా బొమ్మల్లోనూ ఉంది. అడవి నేపథ్యాలకు దారి చూపిన టైరస్ వాంగ్ చైనాలో పుట్టిన చిత్రకారుడు, ఆకు ఆకూ గీయకుండా మసక రంగులతోనే అడవిని తెప్పించాడు.

మొదటి పూరణ రాసిన సభ్యుడు: నిజమే అక్కా, చూపించనిదాన్ని నేను చూపించేశాను. సవరించాను:

అమ్మ జాడ లేని యడవి మంచున నాడు
కూన గుండెలోన కుమిలిపోయె
అగ్గి యార, చిగురు లడవి నిండెను నేడు
మంట చల్లనాయె మంచు కాలె