అప్‌డేట్: అన్నయ్యకు పెరోల్ వచ్చింది

రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్న అన్నయ్యకు, అమ్మ ఆపరేషన్ కోసం పెట్టిన పెరోల్ (జైలు నుంచి కొద్ది రోజుల తాత్కాలిక విడుదల) అర్జీ కదలడం లేదు, ఏం చేయాలని ఇంతకుముందు పోస్టులో అడిగాను కదా. మొన్న ఇంటికొచ్చాడు. అమ్మకు తనే అన్నం కలిపి పెడుతున్నాడు. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

"పోలీసు రిపోర్టు ఎక్కడ ఆగిందో చూడండి" అన్న సలహానే పనిచేసింది. మేం గుంటూరు నుంచి విజయవాడ సింగ్‌నగర్‌కి మారినా, విచారణ కాగితం పాత అడ్రస్ స్టేషన్‌కే వెళ్లిందని లాయర్ గారు కనుక్కున్నారు. కొత్త ఆధార్, అద్దె అగ్రిమెంట్, డాక్టర్ సర్టిఫికెట్ జతచేసి జైలు సూపరింటెండెంట్ గారికి మళ్లీ ఇచ్చాం. బాబాయి, మేనమామ జామీను సంతకాలు పెట్టారు. హైకోర్టులో రిట్ పిటిషన్ వేయడం, ఎమ్మెల్యే లెటర్ తేవడం అవసరమే పడలేదు.

పెరోల్ రోజులు శిక్షలో కలుస్తాయని ఆశపడకండి. ముందస్తు విడుదలకు వాటిని మినహాయించే లెక్కించాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. గడువు దాటితే మళ్లీ పెరోల్ కష్టం, అందుకే తిరుగు రైలు టికెట్ ముందే తీశాం.