పాపాయికి గౌను వేశామా, తొడిగామా?

మా చెల్లెలి పాపకి బాప్తిస్మం గౌను ఇంట్లోనే కుడుతున్నాను. తెల్లటి మెత్తని నూలు గుడ్డ, చిన్న చేతులు, కింద కుచ్చులు. పని దాదాపు అయిపోయింది. కింది అంచు లోపలివైపు తేదీతో పాటు ఒక వాక్యం దారంతో కుడదామనుకుని అక్కడ ఆగిపోయాను. "బాప్తిస్మం రోజున పాపకు వేసిన గౌను" అనాలా, "తొడిగిన గౌను" అనాలా, "ధరింపజేసిన" అనాలా?

నాకు తోచింది చెప్తాను, తప్పయితే సరిదిద్దండి. చీర కట్టుకుంటాం. శాలువా కప్పుకుంటాం. తలపాగా చుట్టుకుంటాం. కళ్ళజోడు పెట్టుకుంటాం. గాజులు, ఉంగరం, చెప్పులు, చొక్కా మాత్రం తొడుక్కుంటాం. బోలుగా ఉన్నదాంట్లోకి చెయ్యో కాలో వేలో దూరితే అది తొడగడం. దిండుకి వేసే గలీబును తొడుగు అనేది కూడా అందుకే. 'వేయడం' అంటే ఎవరూ తప్పు పట్టరు, రోజూ అనే మాటే. కానీ అందులో ఈ దూరడం కనబడదు.

ఆ దూరడం ఎంత పనో కుట్టేటప్పుడు తెలిసింది. మొదట చంక గుండ్రం చిన్నగా కత్తిరించాను. పరిచి చూస్తే ముచ్చటగానే ఉంది. పాపకి పెట్టి చూస్తే చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. మూడు నెలల పిల్ల తనంతట తాను చెయ్యి చాపదు కదా! చేతి చివర నుంచి మన వేళ్ళు లోపలికి పంపి, ఆ పిడికిలి పట్టుకుని మెల్లగా బయటికి తేవాలి. అంటే ఆ సందులో పాప చెయ్యితో పాటు నా వేళ్ళకీ చోటుండాలి. కుట్లు విప్పి, గుండ్రం పెంచి, వీపువైపు మెడ నుంచి నడుము కింది దాకా తెరిచి బొత్తాలు పెట్టాను. కింది గుడ్డ పై ముక్కకి రెండున్నర రెట్లు తీసుకుని, రెండు వరుసలు పొడుగు కుట్లు వేసి దారం లాగితే కుచ్చులు చక్కగా కూర్చున్నాయి. అక్కడ ఇబ్బంది పడలేదు.

ఒక జవాబు:
'తొడిగిన' అనే రాయండి అక్కా. బైబిలు తెలుగులో ఈ క్రియల వరస చూడండి. పుట్టిన యేసును "పొత్తిగుడ్డలతో చుట్టి" పడుకోబెట్టారు. గలతీ పత్రిక 3:27లో బాప్తిస్మం పొందినవాళ్ళు "క్రీస్తును ధరించుకొనియున్నారు". 'కొను' చేరిందంటే ఎవరికి వారు చేసుకున్న పని. పసిపిల్లకి ఆ 'కొను' ఇంకా రాదు. చుట్టడానికీ ధరించుకోవడానికీ మధ్యలో అమ్మ తొడిగే రోజులు ఇవి. 'ధరింపజేసిన' అంటే శిలాఫలకం మీద మాటలా ఉంటుంది, పాప గౌనుకి బరువు.

ఇంకో జవాబు:
నాదీ అదే మాట. మీ వాక్యంలో 'గౌను' ఇంగ్లీషు నుంచి వచ్చింది. 'బాప్తిస్మం' గ్రీకు మాట. దాని మూలధాతువుకి ముంచడం అనే అర్థంతో పాటు గుడ్డకి రంగు అద్దడం అనే అర్థం కూడా ఉంది. మనకి 'అద్దు' ఎలాగో అలాగన్నమాట. వీపున పెట్టిన బొత్తాలూ వాటి కాజాలూ పోర్చుగీసు మాటలే. కుట్టడం, తొడగడం మాత్రం మనవి. క్రియ దగ్గరైనా మన మాట ఉండనివ్వండి. బొత్తాలు గట్టిగా లాగి చూడండి తల్లీ, ఊడితే పాప నోట్లో పెట్టుకుంటుంది.

మళ్ళీ నేను:
ఇద్దరికీ కృతజ్ఞతలు. 'కొను' సంగతి నాకు తట్టనేలేదు, చదివి చాలాసేపు అక్కడే ఉండిపోయాను. బొత్తాలు విప్పి రెట్టింపు దారంతో మళ్ళీ కుట్టాను. ఇప్పుడు అక్షరాల పని. ఆరు పోగుల దారంలోంచి ఒక్క పోగే తీసి కుడుతున్నా, 'బాప్తిస్మం'లో 'ప' కింద తావత్తు, 'స' కింద మావత్తు ఒకదానికొకటి తగులుకుంటున్నాయి. ఒత్తుల కోసం అంచు ఇంకో అర అంగుళం వెడల్పు చేశాను. 'తొడిగిన' రాత్రే అయిపోయింది. దానికి ఒక్క ఒత్తూ లేదు.