క్లచ్ జారుతోంది: స్ప్రింగులతో సరిపోతుందా, ప్లేట్లు కూడా మార్చాలా?

విజయనగరంలో ఉన్న 2004 మోడల్ వంద సీసీ బండి. సాలూరు ఘాట్‌లో ఇంజిన్ రేజ్ అవుతోంది గానీ బండి లాగట్లేదు, వేడెక్కితే మరీనూ. క్లచ్ లివర్ చివర 15 మి.మీ. ఫ్రీ ప్లే (వదులు) ఉంది, కేబుల్ ఎక్కడా పట్టేయట్లేదు. ఆయిల్ జేఏఎస్ఓ ఎంఏ గ్రేడే, అంటే తడి క్లచ్ (ఆయిల్లో తడుస్తూ తిరిగే క్లచ్) ఉన్న బైకులకు వాడేదే. కారు ఆయిల్ అసలు పోయలేదు, అది పోస్తే తడి క్లచ్ జారొచ్చు కదా.

కవర్ విప్పితే ఫ్రిక్షన్ ప్లేట్ల మందం బాగానే ఉంది. స్టీలు ప్లేట్లు మాత్రం కాలి నీలం తిరిగాయి. నాలుగు స్ప్రింగుల్లో ఒకటి మిగతావాటికన్నా 1 మి.మీ. పొట్టి. స్ప్రింగులు సెట్టుగానే మార్చాలి, అందులో అనుమానం లేదు.

క్లచ్ అవుటర్ (ప్లేట్లు కూర్చునే గిన్నె) గాడుల అంచుల్లో ప్లేట్లు తిన్న గాట్లు గోరుకు తగులుతున్నాయి. ఆకురాయితో రుద్దితే చాలా, అవుటరే మార్చాలా? నీలం తిరిగిన ప్లేట్లు గాజుపలక మీద పెడితే వంపు లేదు, మళ్ళీ వాడొచ్చా? కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు వేస్తే ఆయిల్లో ఎంతసేపు నానబెట్టాలి? తెలిసినవాళ్ళు చెప్పండి బాబూ.