నావైపే చూసి గుద్దాడు, "కనపడలేదు" అంటాడు. నమ్మొచ్చా?

నకిరేకల్ బండి: నార్కట్‌పల్లి దగ్గర సర్వీసు రోడ్డు నుంచి ఒక కారు హైవే ఎక్కుతూ నా బండిని గుద్దింది, మోకాలు పగిలింది. ఎక్కేముందు డ్రైవర్ నావైపు తిరిగి చూశాడు, కళ్లు కూడా కలిశాయి. అయినా "అన్నా, నువ్వు కనపడనే లేదు" అంటున్నాడు. గట్ల ఉంటదా? ఇంకోటి, హెల్మెట్ ఏ రంగుది కొనాలె?

పాలమూరు పోరడు: పచ్చి అబద్ధం. ఫోన్ మాట్లాడుతూ ఉంటాడు. జడ్చర్లలో రోజూ చూస్తున్నా, చెవిలో వైరు పెట్టుకుని "చేతులు ఖాళీనే కదా" అని పైనుంచి దబాయింపు. ధ్యాస మాట మీద ఉంటే చేతులు ఖాళీగా ఉండి ఏం లాభం?

సూర్యాపేట సెకండ్‌షో: అబద్ధం కాకపోవచ్చు తమ్మీ. సైమన్స్, షబ్రీ అనే సైకాలజిస్టులు 1999లో రాసిన ప్రయోగం ఉంది కదా. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వచ్చి గుండెలు బాదుకుని పోయినా దాదాపు సగం మందికి కనపడలేదు.

స్కానింగ్ రూమ్: గొరిల్లా కథ అందరికీ తెలిసిందే. 2013లో వచ్చిన దాని తమ్ముడు ఇంకా ఘోరం. ఊపిరితిత్తుల సీటీ స్కాన్‌లో గొరిల్లా బొమ్మ అతికించి 24 మంది రేడియాలజిస్టులకు ఇస్తే 20 మంది పట్టుకోలేదు. మామూలు గడ్డకు 48 రెట్లు పెద్ద బొమ్మ! వాళ్లలో చాలామంది చూపు సరిగ్గా దానిమీదే పడిందట. గడ్డల కోసం వెతికే కంటికి గడ్డలే. కార్ల కోసం వెతికే కంటికి బైకూ అంతే.

మిర్యాలగూడ మాస్టారు: ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, చెబుతున్నా వినండి. కన్ను మోసం చేయదు, గాలి చేస్తుంది. సాగర్ కట్ట మీద నిలబడి పున్నమి చంద్రుణ్ణి చూడండి. పొడిచేటప్పుడు తాంబాళమంత, నడినెత్తికి వచ్చాక చిన్నగా. కింద దట్టమైన గాలి భూతద్దంలా పనిచేస్తుంది.

దేవరకొండ దుర్భిణి: మాస్టారూ, పిల్లలకు ఇదే చెబుతున్నారా? గాలి చంద్రుణ్ణి నిలువుగా కాస్త నొక్కుతుందే తప్ప పెంచదు. పైగా పొడిచేటప్పుడు చంద్రుడు మనకు సుమారు 6,000 కిలోమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటాడు. చెయ్యి చాపి చిటికెన వేలి గోరు అడ్డం పెట్టండి, రెండుసార్లూ దాని వెనకే దాగుతాడు. పెద్దగా చూపేది మన మెదడు.

మిర్యాలగూడ మాస్టారు: వేలితో సైన్సు చేసేవాళ్లతో నేను వాదించను.

దేవరకొండ దుర్భిణి: వేలు వద్దంటే ఒకే జూమ్‌తో రెండు ఫొటోలు తీసి స్కేలుతో కొలవండి. ఆ మాత్రం ఓపిక కూడా లేదా?

పాలమూరు పోరడు: ఆయన మోకాలు పగిలిందంటే మీకు చంద్రుడా!

పుట్టపాక మగ్గం: రంగు సంగతి ఎవరూ ఎత్తలేదు. నల్ల నూలు నీలం పక్కన పడితే వెలిసినట్టు కనపడుతుంది. "అద్దకం బాలేదు" అని కొనేవాళ్లు మా మీద పడతారు. పారిస్ గోబెలిన్ నేత కార్ఖానాలోనూ ఇదే గొడవ. అద్దకాల పెద్ద షెవ్రల్ పరీక్షించి, తప్పు అద్దకానిది కాదు, పక్క రంగుదని 1839లో పుస్తకమే వేశాడు. హెల్మెట్టూ అంతే, వెనక ఏముందో దాన్నిబట్టే. పచ్చటి పొలాల ముందు ఆకుపచ్చది పెట్టుకుంటే ఎవడికి కనపడతావు?

నకిరేకల్ బండి: నాది నల్లదే. అయితే అతన్ని వదిలేయమంటారా?

పాలమూరు పోరడు: కనపడకపోతే ఆగాలె. రిపేరు డబ్బులు వసూలు చెయ్యి.

డిపో స్టీరింగ్: కారు ముందు అద్దం పక్కనుండే స్తంభం చాలు, బైకును మొత్తం దాచేస్తుంది. తల గబుక్కున తిప్పితే ఇంకా కష్టం, చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే ఆ క్షణంలో మధ్యలో ఉన్నది నమోదు కాదు. మేము మలుపులో ముందుకు వంగి ఒకసారి, వెనక్కి జరిగి ఒకసారి చూస్తాం. కార్ల వాళ్లకు ఇది ఎవరు నేర్పుతున్నారు?

మిర్యాలగూడ మాస్టారు: జూమ్ ఎంత పెట్టాలి?